క్యూబిట్లెన్నని కాదు, కౌంటెంతని అడగాలి

పొందూరు ఖాదీ సంగతి తెలిసినవాళ్లెవరూ నేతన్న దగ్గరకెళ్లి "ఎన్ని కిలోల నూలుంది?" అని అడగరు. "ఎంత కౌంటు?" అంటారు, అంటే నూలు ఎంత సన్నమని. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, వడికిన నూరు కౌంటు నూలు కొంచెమున్నా పంచె అవుతుంది. ముతక నూలు బస్తాడున్నా ఆ పంచె రాదు. క్వాంటం కంప్యూటర్ల మాటొచ్చేసరికి ఈ తెలివి ఎటు పోతుందో గానీ, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, అందరి నోటా కిలోల లెక్కే. 156 క్యూబిట్లట (క్వాంటం కంప్యూటర్‌లో లెక్కను మోసే అతి చిన్న మూలకం పేరు క్యూబిట్). ఇంకెక్కడో వెయ్యి దాటేశాయట. రేపో మాపో పది లక్షలట. మధ్యలో ఓ తండ్రి అడిగే ప్రశ్న ఒక్కటే సూటిగా ఉంటుంది: "ఏటి బాబూ, ఈ క్వాంటంలో చేరిస్తే పిల్లోడికి ఉద్యోగమొచ్చేస్తాదా?"

రాదు. కనీసం ఆ పేరు చూసి చేరినందుకు రాదు. ఎందుకో చెప్పాలంటే యంత్రం లోపలికి వెళ్లాలి.

2025 మేలో అమరావతి క్వాంటం వ్యాలీ ప్రకటన, ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ భాగస్వామ్యం, హెరాన్ ప్రాసెసర్, అంతకుముందు 2023 ఏప్రిల్‌లో కేంద్రం 6,003.65 కోట్లతో ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్... ఇవన్నీ పాఠకులు వింటున్నవే, మళ్లీ ఏకరువు పెట్టను. సైన్సు మీద నాకు అనుమానం లేదు. 1980ల్లో అతివాహక సర్క్యూట్ల మీద చేసిన ప్రయోగాలకు క్లార్క్, డెవొరే, మార్టినిస్‌లకు 2025లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. పునాది అంత గట్టిది. తేడా వస్తున్నదంతా ఆ యంత్రంతో ఏ పని, ఎప్పటికి చేయించగలమన్న లెక్కలోనే.

ఫొటోల్లో పైనుంచి వేలాడుతూ బంగారు పళ్లేల దొంతరలా కనబడేది కంప్యూటర్ కాదు, ఫ్రిజ్. హీలియం-3, హీలియం-4 కలిపి తిప్పే డైల్యూషన్ రిఫ్రిజిరేటర్. మన ఊళ్లలో ఎంఆర్‌ఐ సెంటరు నడిపేవాళ్లకు ద్రవ హీలియం కొత్త కాదు. అక్కడ అయస్కాంతాన్ని 4.2 కెల్విన్ దగ్గర ఉంచితే సరిపోతుంది. ఇక్కడ అట్టడుగు పళ్లెం 0.015 కెల్విన్ దగ్గరుండాలి, అంటే ఎంఆర్‌ఐ ఉష్ణోగ్రతలో 280వ వంతు. చిప్ కూర్చునేది అక్కడ. దానికి పైనుంచి మైక్రోవేవ్ తీగలు దిగుతాయి. 5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల, పదుల నానోసెకన్లు మాత్రమే ఉండే పల్సులు వాటి గుండా పంపి క్యూబిట్‌ను తిప్పుతారు. అదే తీగ వెంట గది వేడి, గోల కూడా దిగుతాయి కాబట్టి మెట్టుమెట్టుకూ అటెన్యుయేటర్లు పెట్టి అణచాలి. అడుగున ఒక్క కనెక్టర్ వదులైతే? ఫ్రిజ్ మొత్తాన్ని మామూలు వేడికి తెచ్చి, వాక్యూమ్ వదిలి, డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి విప్పి, బిగించి, మళ్లీ చల్లార్చాలి. ఒక స్పానర్ తిప్పుకి రోజులు పోతాయి.

ఇంతా చేస్తే మంచి క్యూబిట్ తన స్థితిని నిలుపుకొనేది కొన్ని వందల మైక్రోసెకన్లు. రెండు క్యూబిట్లను ముడివేసే ఒక్కో గేటుకు, అంటే లెక్కలో ఒక్కో చిన్న అడుగుకు, తప్పు జరిగే అవకాశం వెయ్యికి రెండో మూడో. వెయ్యికి మూడంటే చాలా మంచి యంత్రం అనిపిస్తుంది. క్యాలిక్యులేటర్ తీయండి. 0.997ను వెయ్యిసార్లు గుణించండి: దాదాపు 0.05 వస్తుంది. అంటే వెయ్యి గేట్ల ప్రోగ్రామ్ ఒక్క తప్పూ లేకుండా చివరిదాకా వచ్చేది వందకు ఐదుసార్లు. ఐదు వేల గేట్లకు వెళితే కోటికి మూడుసార్లు. దీన్ని సర్దుకోవడానికి ఎర్రర్ మిటిగేషన్ అనే పద్ధతులున్నాయి. అదే ప్రోగ్రామ్‌ను వేలసార్లు నడిపి, గోల ఎంతో అంచనా వేసి, జవాబులోంచి తీసేస్తారు. చిన్న ప్రోగ్రాములకు బాగానే పనిచేస్తుంది. గేట్లు పెరిగేకొద్దీ నడపాల్సిన సార్లు రెట్టింపుల మీద రెట్టింపులవుతాయి, చివరికి గెలిచిన సమయమంతా అక్కడే కరిగిపోతుంది.

చిప్ మీద క్యూబిట్లన్నీ ఒకదానికొకటి పక్కింటివాళ్లు కాదన్నది ఇంకో చిక్కు. హెరాన్ లాంటి చిప్‌లో ఒక్కో క్యూబిట్‌కు రెండో మూడో పొరుగులు మాత్రమే. దూరంగా ఉన్న రెంటిని కలపాలంటే మధ్యలో స్థానాలు మార్చుకుంటూ తీసుకురావాలి. ఒక్కో మార్పిడికి మామూలుగా మూడు గేట్లు ఖర్చు. కాగితం మీద నూరు గేట్ల ప్రోగ్రామ్ చిప్ మీదకు దిగేసరికి మూడు నాలుగు వందలవడం మామూలే. క్యూబిట్ల సంఖ్య చెప్పే పోస్టర్‌లో ఈ సంగతి ఉండదు.

2023 డిసెంబరులో ఐబీఎం ఒకే వేదిక మీద రెండు చిప్‌లు చూపించింది. ఒకటి 1,121 క్యూబిట్ల కాండర్, రెండోది 133 క్యూబిట్ల హెరాన్. పత్రికలన్నీ వెయ్యి దాటిందని రాశాయి. కంపెనీ మాత్రం ఆ తర్వాత నమ్ముకున్నది హెరాన్‌ను, ఎందుకంటే దాని గేట్లు శుభ్రంగా ఉన్నాయి. 156 క్యూబిట్లకు పెరిగిందీ ఆ హెరానే, అమరావతికి చెప్పిందీ ఆ హెరానే. చేసేవాళ్లే కిలోలు వదిలి కౌంటు చూసుకున్నారు, మనమింకా కిలోల దగ్గరే ఉన్నాం.

కౌంటు పెంచడానికి శాస్త్రవేత్తలు నమ్ముకున్న దారి ఎర్రర్ కరెక్షన్. బలహీనమైన పోగులు చాలా కలిపి పేని ఒక గట్టి దారం చేయడం లాంటిది. చాలా భౌతిక క్యూబిట్లలో ఒక్క లాజికల్ క్యూబిట్‌ను దాస్తారు. సగం క్యూబిట్లు సమాచారాన్ని మోస్తాయి, మిగతా సగం మధ్యలో కూర్చుని, సమాచారాన్ని చదవకుండా, పక్కవాళ్లు తప్పారా లేదా అన్నది మాత్రం మైక్రోసెకనుకోసారి కనిపెడుతుంటాయి. ఇందులో ఒక గీత ఉంది. పోగులు మరీ నాసివైతే, ఎన్ని కలిపితే దారం అంత పాడవుతుంది. గీతకు ఇవతలికి వస్తేనే కలిపేకొద్దీ గట్టిపడుతుంది. 2024 డిసెంబరులో గూగుల్ 105 క్యూబిట్ల విల్లో చిప్ మీద చూపించింది ఇదే. గ్రిడ్ సైజును 3 నుంచి 5కు, 5 నుంచి 7కు పెంచిన ప్రతిసారీ తప్పు 2.14 రెట్లు తగ్గింది. ఇన్నేళ్ల క్వాంటం వార్తల్లో మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాల్సింది దీనికి.

కానీ ఆ రోజు హెడ్డింగుల్లోకి ఎక్కింది ఇది కాదు. సూపర్ కంప్యూటర్‌కు ఒకటి పక్కన 25 సున్నాలన్ని ఏళ్లు పట్టే పనిని విల్లో ఐదు నిమిషాల్లో చేసేసిందన్నది ఎక్కింది. ఆ పనేమిటి? ఇష్టమొచ్చినట్టు అల్లిన గేట్ల నుంచి అంకెల గుంపులు రాబట్టడం. అలాంటి మాటకు పాత అనుభవం ఉంది. 2019లో గూగుల్ వాళ్లదే 53 క్యూబిట్ల సికమోర్ చిప్ 200 సెకన్లలో చేసినదానికి మామూలు యంత్రాలకు 10,000 ఏళ్లు పడుతుందన్నారు. రెండున్నర రోజులు చాలని ఐబీఎం అప్పుడే అంది. 2022లో చైనా పరిశోధకులు 512 జీపీయూలతో 15 గంటల్లో కానిచ్చేశారు. ఏళ్ల లెక్క చెప్పే వార్త కనబడితే, అవతలి పక్క అల్గారిథమ్ రాసేవాళ్లు ఇంకా నిద్రపోలేదని గుర్తుపెట్టుకుంటే చాలు.

విల్లో అసలు ఫలితాన్నే తీసుకుని లెక్క ముందుకు నడుపుదాం. 101 క్యూబిట్లు వాడిన ఆ 7 సైజు గ్రిడ్‌లో ఒక్కో విడత తప్పు 0.143 శాతం, అంటే వెయ్యికి ఒకటిన్నర. దాన్ని పది లక్షలకు ఒకటికి దించాలంటే, అదే 2.14 రేటున గ్రిడ్‌ను 27 సైజుకు పెంచాలి. 27 వర్గం రెట్టింపు, అందులో ఒకటి తీసేస్తే 1,457. ఒక్క, ఒకే ఒక్క, ఓ మోస్తరు లాజికల్ క్యూబిట్‌కు 1,457 భౌతిక క్యూబిట్లు. పెద్ద సంఖ్య చెప్పుకున్న కాండర్ మొత్తం ధారపోసినా ఒక్కటి కూడా పూర్తవదు. ఇక బ్యాంకుల తాళం, అదే ఆర్‌ఎస్‌ఏ-2048 విప్పాలంటే లాజికల్ క్యూబిట్లు వెయ్యికి పైనే కావాలి. 2019లో పరిశోధకులు గిడ్నీ, ఎకెరా వేసిన అంచనా ప్రకారం రెండు కోట్ల భౌతిక క్యూబిట్లు, ఎనిమిది గంటలు. 2025 మేలో గిడ్నీయే దాన్ని పది లక్షల లోపుకు, వారం రోజుల లోపు పనికి తగ్గించాడు. ఆరేళ్లలో కాగితం మీద ఇరవై రెట్లు తగ్గడం చిన్న విషయం కాదు, అదొక హెచ్చరిక కూడా. అయినా 156కు, పది లక్షలకు మధ్య ఉన్న దూరం ఇచ్ఛాపురం నుంచి పలాసంత కాదు.

ఇప్పుడు వేదికల మీద వినిపించే హామీల దగ్గరికొద్దాం. మొదటిది, "కోట్ల రికార్డుల్లో క్షణంలో వెతుకుతుంది". ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా జనాభా 2011 లెక్కల్లో 27 లక్షలు. వరస లేకుండా పడేసిన 27 లక్షల పేర్లలో ఒక పేరు వెతకడానికి గ్రోవర్ అల్గారిథమ్ అనే క్వాంటం పద్ధతికి సుమారు 1,290 అడుగులు చాలు. మామూలు వెతుకులాటకు సగటున పదమూడున్నర లక్షలు. అద్భుతమే. కాకపోతే ఆ ఒక్కో అడుగులోనూ మొత్తం జాబితాను క్వాంటం రూపంలో యంత్రానికి అందించాలి, అలా అందించే మెమరీ ఇప్పటిదాకా లేదు. పైగా జాబితాను అక్షరక్రమంలో పెట్టుకుంటే సచివాలయంలోని పాత డెస్క్‌టాపే 22 పోలికల్లో పేరు పట్టేస్తుంది. పేర్లు వరసలో పెట్టుకోని ఆఫీసుకు క్వాంటం ఏం సాయం చేస్తుంది?

రెండోది తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని పడగొట్టిన తిత్లీ చూసినవాళ్ల ముందు ఈ హామీ ఇవ్వడం తేలిక, నమ్మించడం ఇంకా తేలిక. వాతావరణ మోడల్ అంటే గాలి, తేమ, పీడనాల అంకెలు గుట్టలుగా లోపలికి వెళ్లి, అంతే గుట్టలుగా బయటికి రావడం. క్వాంటం యంత్రానికి బలహీనత సరిగ్గా ఇక్కడే. లోపలికి పంపడమే ప్రధాన ఖర్చు. బయటికి వచ్చేది కొలిచినప్పుడు కనబడే ఒక్క ఫలితం. పూర్తి మ్యాపు కావాలంటే మళ్లీ మళ్లీ నడపాలి. సముద్రంలో బోయలు, తీరం వెంబడి రాడార్లు, పై గాలులు కొలిచే బెలూన్లు పెరిగితే మన తీరానికి ఒరిగేది ఎక్కువ.

మూడోది మందులు. ఇక్కడ నేను కొంత తగ్గుతాను. అణువుల్లో ఎలక్ట్రాన్ల ప్రవర్తన లెక్కకట్టడం క్వాంటం యంత్రానికి పుట్టుకతో వచ్చిన పని. లోపలికి వెళ్లే డేటా తక్కువ, మామూలు కంప్యూటర్‌కు మాత్రం కష్టం. ఉత్ప్రేరకాలు, బ్యాటరీ పదార్థాలు, కొన్ని ఎంజైముల కేంద్రాలు: మొదటి నిజమైన లాభం ఇటువైపు నుంచే వస్తుందని నా నమ్మకం. అదీ పెద్ద అణువులకైతే లక్షల భౌతిక క్యూబిట్లతో, వచ్చే దశాబ్దంలో. అంతేగానీ ఉద్దానం కిడ్నీ జబ్బుకు క్వాంటంతో పరిష్కారమనడం క్రూరమైన మాట. కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో ఆ జబ్బు ఎందుకొస్తోందో ఇంకా తేలలేదు. తేలకపోవడానికి కారణం లెక్కలు కట్టే యంత్రం లేక కాదు. ఒకే మనిషి రక్తంలో క్రియాటినిన్‌ను, తాగే నీటిని, ఎండలో చేసే పనిని ఏళ్ల తరబడి వదలకుండా కొలిచిన రికార్డు కావాలి. కొలవని అంకెను ఏ క్యూబిట్టూ కనిపెట్టలేదు.

ఎదుటి వాదన ఇలా ఉంటుంది: 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ కట్టినప్పుడూ ఇలాగే నవ్వారు, ముందుగా దిగినవాళ్లే లాభపడ్డారు, ఆర్భాటం లేకుండా పెట్టుబడి రాదు. ఇందులో కొంత నిజముంది. అమరావతిలో ఒక ఫ్రిజ్ దిగి, దాన్ని తిప్పే మనుషులు తయారైతే అది రాష్ట్రానికి ఆస్తే. కానీ 1998 నాటికి సాఫ్ట్‌వేర్ పనిచేస్తున్న సరుకు. వైటూకే (2000 సంవత్సరం తేదీ చిక్కును సరిచేసే పని) ఆర్డర్లు చేతిలో ఉన్నాయి, అమెరికా కంపెనీ నెల తిరిగేసరికి డబ్బు చెల్లించేది. ఇవాళ క్వాంటంతో తన ఖర్చు తగ్గిందని బిల్లు కట్టే కస్టమర్ లేడు. పరిశోధన గ్రాంట్లు, షేర్ మార్కెట్ ఆశలు ఉన్నాయి. ఆ ఆశలెంత పలచనో చెప్పాలంటే, 2025 జనవరిలో ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ నోట "15 నుంచి 30 ఏళ్లు" అన్న మాట రాగానే క్వాంటం షేర్లు ఒక్క రోజులో కుప్పకూలాయి. మార్చిలో ఆయనే మాట సవరించుకున్నాడు. మధ్యలో ఏ చిప్పూ మారలేదు.

క్వాంటం ప్రభావం నిజంగా మన జిల్లాలకు చేరిన చోటు ఒకటుంది. చాలామంది జేబులోనే ఉంది. రేపటి యంత్రం విప్పగలదన్న భయంతో ఇవాళే తాళాలు, అంటే డేటాను దాచే ఎన్‌క్రిప్షన్ పద్ధతులు, మారుస్తున్నారు. 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కొత్త తాళాల తొలి మూడు ప్రమాణాలు ఖరారు చేసింది. క్రోమ్ బ్రౌజర్ వాటిలో ఒకటైన ఎంఎల్-కెమ్‌ను పాత తాళంతో కలిపి ఇప్పటికే వాడుతోంది. ఇందులో వచ్చే తంటా కూడా చెప్పుకోవాలి. పాత పద్ధతిలో తొలి పలకరింపులో పంపే తాళం 32 బైట్లు, కొత్తది 1,184 బైట్లు. దాంతో ఆ పలకరింపు ఒక్క ప్యాకెట్‌లో పట్టక రెండు ముక్కలవుతుంది. ఒక్క ముక్కే వస్తుందని రాసుకున్న పాత ఫైర్‌వాల్ రెండో ముక్క రాకముందే లైన్ తెంపేస్తుంది. ఆఫీసులో ఒక సైటు ఫోన్ డేటా మీద తెరుచుకుని, ఆఫీసు వైఫై మీద తెరుచుకోకపోతే చూడాల్సిన చోట్లలో ఇదొకటి. ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే సరిపోతుంది. భూమి రికార్డులు, ఆరోగ్య రికార్డుల వంటివి ఇవాళ దొంగిలించి దాచుకుని ఇరవై ఏళ్లకు విప్పినా నష్టమే. వాటికి ఏ తాళం వేశారో జాబితా రాసుకోవడం క్వాంటం పేరుతో జిల్లా యంత్రాంగం ఇప్పుడే చేయగల పని. రిబ్బన్ కటింగ్ ఉండదు కాబట్టి ఎవరికీ ఆసక్తి లేదు.

ఇక నా అసలు గొడవ. పైన ఫ్రిజ్ గురించి చెప్పినదంతా మళ్లీ చూడండి. మైక్రోవేవ్ పల్సులు, అటెన్యుయేటర్లు, వాక్యూమ్ సీళ్లు, హీలియం పంపులు, కనెక్టర్ బిగింపు, మైక్రోసెకనులో తప్పు పట్టే ఎఫ్‌పీజీఏ (అవసరాన్ని బట్టి మలుచుకునే చిప్) బోర్డులు. ఇందులో ఈసీఈ ఉంది, మెకానికల్ ఉంది, ఫిజిక్స్ ఉంది, ఐటీఐ ఫిట్టర్, వెల్డర్ ఉన్నారు. మనం ఏం చేస్తున్నాం? ఆ బ్రాంచీలను ఎండగట్టి, డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ సెక్షన్లను చిన్నబుచ్చి, సీఎస్‌ఈ పక్కన క్వాంటం అన్న మాట తగిలిస్తున్నాం. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2024 డిసెంబరులో ఇచ్చిన క్వాంటం మైనర్ సిలబస్ మంచిదే, ఏ బ్రాంచి పిల్లలైనా తీసుకోవచ్చు. కాంప్లెక్స్ సంఖ్యలు, మాట్రిక్సులు ఇంటర్‌లో బట్టీ పట్టి వదిలేసిన పిల్లాడికి, వాటిని మళ్లీ నేర్పే ఓపికున్న మాస్టారు లేకుండా ఆ సిలబస్ ఇస్తే ఇంకో బట్టీ సబ్జెక్ట్ పెరుగుతుంది.

ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి అమరావతి యంత్రం కోసం కూర్చోనక్కర్లేదు కూడా. ఐబీఎం ఉచిత ఖాతాలో 28 రోజులకు పది నిమిషాల అసలు యంత్ర సమయం ఇస్తుంది. డబ్బు కట్టి వాడుకుంటే నిమిషానికి 96 డాలర్లు. రాజాంలోనో టెక్కలిలోనో హాస్టల్ గదిలో ఉన్న విద్యార్థి ఐబీఎం ప్రోగ్రామింగ్ సాధనం కిస్కిట్‌లో రెండు క్యూబిట్లు తీసుకుని, మొదటిదానికి హెచ్ గేటు (0, 1 రెంటికీ సమాన అవకాశమిచ్చేది), రెంటి మధ్య సీనాట్ (రెంటినీ ముడివేసే గేటు) పెట్టి, 4,096 సార్లు నడిపితే సెకన్లలో పని అయిపోతుంది. పాఠం ప్రకారం 00, 11 మాత్రమే రావాలి. అసలు యంత్రం మీద 01, 10 కూడా కాసిని వస్తాయి. కాలిబ్రేషన్ పట్టిక తెరిచి, రీడౌట్ తప్పు (ఫలితం చదవడంలో వచ్చే తప్పు) తక్కువున్న ఇంకో జతను ఎంచుకుని మళ్లీ నడిపితే ఆ కాసినీ తగ్గుతాయి. వంద పోస్టర్లు చెప్పనిది ఆ రెండు అంకెలు చెబుతాయి.

చేతిపనికీ దారి ఉంది. విజయనగరం జేఎన్‌టీయూ గురజాడలోనో, ఎచ్చెర్ల క్యాంపస్‌లలోనో కోట్ల ఫ్రిజ్ పెట్టమని అనడం లేదు. ఏ ఫ్రీక్వెన్సీకి సర్క్యూట్ ఎలా స్పందిస్తుందో చూపే, అరచేతిలో పట్టే నెట్‌వర్క్ అనలైజర్ కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంది. ద్రవ నత్రజని మనకు కొత్తేమీ కాదు, పశువులకు కృత్రిమ గర్భధారణ సూది వేసే గోపాలమిత్రల దగ్గర క్యాన్లలో ఉండేది అదే. కర్రపుల్ల ముంచి మట్టం చూడటం, ఎండాకాలం ఎన్నాళ్లకు నింపించాలో అంచనా కట్టడం వాళ్లకు తెలిసినంతగా ఇంజినీరింగ్ కాలేజీలో ఎవరికీ తెలియదు. రాగి తీగను చుట్టగా చుట్టి చిన్న రెజొనేటర్ (ఒక ఫ్రీక్వెన్సీకే గట్టిగా స్పందించేది) చేయాలి. అనలైజర్ తెర మీద దాని ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక గుంట కనబడుతుంది. కిటికీలు తెరిచి, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని, మూత బిగించని థర్మోకోల్ గిన్నెలో ద్రవ నత్రజని పోసి చుట్టను మెల్లగా ముంచాలి. ముందు భగ్గున మరుగుతుంది. కేబుల్ టంకం సరిగా లేకపోతే ఇక్కడే పగిలి గుంట మాయమవుతుంది, మళ్లీ మొదటికి రావాలి. టంకం నిలబడితే మరుగు తగ్గేసరికి రాగి నిరోధకత ఎనిమిదో వంతు దగ్గరికి పడిపోతుంది, ఫ్రీక్వెన్సీ కొంచెం పక్కకు జరుగుతుంది, తెర మీద గుంట సన్నబడి సూదిలా అవుతుంది.